ఆ అబ్బాయి ఫోన్‌లో నా పేరు

సాయంత్రం పప్పుకి తాలింపు వేస్తుంటే బెల్ మోగింది. ప్రచారానికి తిరుగుతున్న కాలేజీ కుర్రాడు, మన తెలుగబ్బాయే. "ఆంటీ, మీరు మొదట్నుంచీ మన పార్టీయే కదా" అన్నాడు. అతని ఫోన్‌లో నా పేరు, కింద నేను వెళ్లి ఓటేసిన ఎన్నికలన్నీ వరసగా ఉన్నాయి. మొదటిది 2004.

ఆ ఏడు ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక స్కూల్ జిమ్‌లో లైన్లో నిలబడ్డాను. ఇరాక్ యుద్ధం మీద కోపంతోనే మా డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీకి వేశాను. 2002లో అదే యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్ 77-23తో ఓటేసింది. ఔనన్న వాళ్లలో ఆయనా ఉన్నారు, మా డెమొక్రాట్లు 29 మంది ఉన్నారు. నాకు తెలుసు. తెలిసీ సర్దుకున్నాను.

అంతకన్నా ఎక్కువ బాధపెట్టేది 2011. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అనుమతి లేకుండానే ఒబామా లిబియా మీద బాంబులు వేయించారు. అదే రిపబ్లికన్ బుష్ చేసుంటే రోడ్డెక్కేదాన్ని. మనవాడు కదా అని నోరెత్తలేదు. ఆ బాంబుల కింద ఉన్నవాళ్లకి ఏ పార్టీ వేసిందో ఏం తేడా?

2001లో సైనిక బలం వాడే అధికారం అధ్యక్షుడికి ఇస్తూ కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో 420 మంది ఔనంటే, బార్బరా లీ అనే సభ్యురాలు ఒక్కావిడే వద్దంది. ఆ రోజు ఆవిడ ఎంత ఒంటరిగా నిలబడిందో ఇప్పుడు అర్థమవుతోంది.

అబ్బాయికి మంచినీళ్లిచ్చాను. "యుద్ధానికి వెళ్లేముందు కాంగ్రెస్‌లో ఓటింగ్ జరగాలని మీ అభ్యర్థి పట్టుబడతాడా? అధ్యక్షుడు సొంత పార్టీ వాడైనా సరే? కనుక్కుని రా నాన్నా, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

ఫోన్‌లో రాసుకుని వెళ్లాడు.