పాటి మట్టిలో వచ్చిన బిళ్ల

ఆదివారం. రాత్రంతా వాన. పొద్దున్నే చేను చూసొచ్చిన పెద్దబాపు నా చేతిలో ఒక నల్లటి బిళ్ల పెట్టాడు. "గిదేందో జూడురా, వానకు తేలింది" అన్నాడు. గోరంత ఉంది. నీళ్లతో మెల్లగా కడిగితే ఒకవైపు ఏనుగు లీలగా కనిపించింది. రెండోవైపు గీతలతో కలిసిన నాలుగు గుండ్రాలు, అంటే ఉజ్జయిని గుర్తు. శాతవాహనుల నాణేల మీద తరచుగా కనిపించే జోడీ ఇది. చాలాసేపు కింద పెట్టబుద్ధి కాలేదు.

ఎక్కడ దొరికిందని అడిగితే కింది మడి, తూర్పు ఒడ్డు పక్కన అన్నాడు. ఆ తర్వాత తనే గుర్తు చేసుకున్నాడు. "మీ తాత ఉన్నప్పుడు పాటిగడ్డ మట్టి బండ్ల మీద తెచ్చి పోసినం, ఆ మడిలనే." నాకు అదే పెద్ద విషయం అనిపించింది. పాటిగడ్డ అంటే పాత ఊరు పాడుపడి దిబ్బయిన చోటు. అక్కడి మట్టిలో బూడిద, పేడ, ఎముకలు కలిసి ఉంటాయి. మంచి ఎరువని రైతులు తరతరాలుగా దాన్ని తవ్వి పొలాలకు తోలుకున్నారు. పెంకులు, పూసలు, నాణేలు ఆ మట్టితోపాటే వచ్చేస్తాయి. కాబట్టి మా మడిలో నాణెం దొరికినంత మాత్రాన అక్కడే ఊరు ఉండేదని చెప్పలేం. పాటిగడ్డ మీద మనుషులు బతికారని, ఆ దిబ్బ మా పొలానికి బలమిచ్చిందని మాత్రం అనుకోవచ్చు.

మా పెద్దపల్లి జిల్లాలోనే ఉన్న పెద్దబంకూరులో 1970 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ఇటుక బావులు, మట్టి ఒరల బావులు, ఇనుప పనిముట్లు, వేల సంఖ్యలో నాణేలు బయటపడ్డాయి. రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ కాలపు నాణేలూ దొరికాయి. రోమ్ అనగానే అందరి చూపూ అటే పోతుంది. నాకు మాత్రం ఈ సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) బిళ్లలే ముఖ్యం. ఇంత తక్కువ విలువ నాణెం రాజుల ఖజానాలో దాచుకోవడానికి పనికిరాదు. గింజలకో, కుండకో, కొడవలికో ఇచ్చి ఉంటారు. అంటే సంతా, చిల్లర లావాదేవీలూ వాగు ఒడ్డు ఊళ్ల దాకా వచ్చాయన్నమాట. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలైతే గోబద, నారన, సమగోప లాంటి రాజుల పేర్లే మనకు అందించాయి. అవి లేకపోతే ఆ పేర్లే తెలిసేవి కావు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా దీని గురించే ఆలోచన. శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులవి, విష్ణుకుండినులవి కొన్ని దొరుకుతాయి. ఆపై కొన్ని వందల ఏళ్లు నేలలో చిల్లర బాగా తగ్గిపోతుంది. ఊళ్లు ఖాళీ అయ్యాయా? అలా అనుకోలేం. కాకతీయుల కాలంలోనే కదా రామప్ప, పాఖాల లాంటి చెరువులు కట్టారు! శాసనాల్లో మాడలు, గద్యాణాలు, రూకలు అనే నాణేలు కనిపిస్తాయి, వాటి పక్కనే పుట్లు, తూముల్లో ధాన్యం కొలతల లెక్కలూ ఉంటాయి. కమ్మరికీ, కుమ్మరికీ చేసిన పనికి కళ్లంలో వడ్లు కొలిచి మేర (వాటా) ఇవ్వడం మా పెద్దబాపు చిన్నప్పుడు కూడా చూశాడు. వడ్లతో నడిచిన ఊరు మట్టిలో నాణెం వదలదు. చెరువు కట్ట, నీళ్లు వదిలే తూము, కాలువ వదులుతుంది. ఒక్క నాణేలనే చూసుకుంటూ పోతే పల్లె చరిత్రలో సగం జారిపోతుంది.

కరీంనగర్‌లో పాత బిళ్లలు కొనేవాళ్లున్నారని చిన్నమ్మ అంది. వద్దన్నాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం మట్టిలో దాగి ఉన్న సొత్తు 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. పైగా చేతులు మారిన నాణేనికి ఊరు పేరు పోతుంది. ఏ మడి, ఏ ఒడ్డు, పక్కన ఎలాంటి పెంకులు అన్నది పోతే మిగిలేది లోహం ముక్కే. సాయంత్రం పెద్దబాపు చెప్పినట్టే మడి పటం గీసి, సర్వే నంబరు రాసి, నాణెం రెండు వైపులా ఫోటో తీశాను. రేపు ఇద్దరం తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తాం. పాటిగడ్డ మీద ఇప్పుడు ట్రాక్టర్లు మట్టి ఎత్తుతున్నాయి, ఆ సంగతి కూడా దరఖాస్తులో రాశాను.