జ్వరం తగ్గాక మిగిలిన భయం

కడుపుతో ఉన్న ఐదో నెలలో, ఏప్రిల్ ఎండల్లో, నాకు పళ్లు కొట్టుకునేంత చలితో జ్వరం వచ్చింది. నల్లగొండలో ఉంటూ దేవరకొండ దారిలోని ఒక ఊరి ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. బడిలో ఆడవాళ్లు వెళ్లదగిన మరుగుదొడ్డి లేకపోవడంతో, సాయంత్రం ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోవడానికి మించి నీళ్లు తాగకపోవడం మా ఉపాధ్యాయినులందరికీ అలవాటైపోయింది. అంతకుముందు కొన్నాళ్లుగా మూత్రంలో మంటగా ఉంటే, వేడి చేసిందని ఇంట్లో సబ్జా నీళ్లు, మజ్జిగ ఇచ్చారు. ఆ మంట నడుముకు కుడివైపు నొప్పిగా మారి, దాని వెంట వాంతులు, జ్వరం వచ్చాయి.

ఇన్‌ఫెక్షన్‌ మూత్రాశయం నుంచి కిడ్నీకి పాకిందని డాక్టరమ్మ చెప్పారు. గర్భిణుల్లో ప్రొజెస్టిరాన్‌ హార్మోన్‌ వల్ల మూత్రనాళాలు వదులవుతాయని, పెరిగే గర్భసంచి కుడివైపుకు ఒరిగి ఆ వైపు నాళాన్ని నొక్కుతుందని, అందుకే కుడి కిడ్నీకే ఎక్కువగా ఈ బాధ వస్తుందని వివరించారు. మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చర్‌ పరీక్షలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. సెలైన్‌తో పాటు సెఫ్ట్రియాక్సోన్‌ అనే యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్లు, జ్వరానికి పారాసెటమాల్‌ ఇచ్చారు. "కడుపుతోని ఉన్నప్పుడు ఇన్ని మందులా? బిడ్డకు ఏమన్న అయితదేమో" అని మా అత్తమ్మ అడిగితే, "మందు ఇయ్యకుంటేనే బిడ్డకు ప్రమాదమమ్మా, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు" అన్నారు డాక్టరమ్మ. శరీరానికి సంబంధించినంతవరకు కథ అక్కడితో దాదాపు ముగిసింది. జ్వరం దిగింది, స్కానింగ్‌లో బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది.

ఆసుపత్రి మంచం మీద ఫోన్‌లో చదివిన సంగతులు మాత్రం వదలలేదు. స్వీడన్‌లో 1973 నుంచి 2014 వరకు పుట్టిన సుమారు 18 లక్షల మంది పిల్లల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గర్భంతో ఉండగా ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన తల్లుల పిల్లల్లో ఆటిజం (తోటివారితో కలవడం కష్టమై, చేసిందే పదేపదే చేసే తీరు) అవకాశం 79 శాతం ఎక్కువ. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌ కూడా ఆ లెక్కలో ఉంది. క్రిమి బిడ్డను చేరనక్కర లేదట. దాన్ని ఎదుర్కోవడానికి తల్లి శరీరం విడుదల చేసే సైటోకైన్‌ల వంటి వాపు రసాయనాలే పిండం మెదడు ఎదుగుదలను మార్చగలవట. గర్భంతో ఉన్న ఎలుకలకు ఏ వైరస్‌ లేకుండా, వైరస్‌ను పోలిన పదార్థాన్ని ఎక్కించినా వాటి పిల్లలు తోటి ఎలుకలతో కలవక, గాజు గోళీలను పొట్టులో అదే పనిగా పూడుస్తూ ఉంటాయి. ఇంటర్‌ల్యూకిన్‌-6 అనే సైటోకైన్‌ను అడ్డుకుంటే ఆ మార్పులు చాలావరకు రాలేదని 2007లో, ఇంటర్‌ల్యూకిన్‌-17ను అడ్డుకున్నా అంతేనని 2016లో చూపారు. తల్లి పేగుల్లో ఒక రకం బ్యాక్టీరియా లేకపోతే అదే పదార్థం ఎక్కించినా పిల్లలకు ఏమీ కాలేదన్న సంగతి కూడా చదివాను గాని, భయపడే మనిషికి అటువంటి వాక్యాలు కంటికి ఆనవు.

మహబూబ్‌నగర్‌లో మెడిసిన్‌ పీజీ చేస్తున్న మా మరిదికి ఫోన్‌ చేశాను. "వదినా, శాతాలు చెప్పేది నువ్వే కదా, దేనిమీద 79 శాతమో చూడు" అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటి అంచనా వందమంది పిల్లల్లో సుమారు ఒకరికి ఆటిజం అని. దాన్నే ఆధారంగా తీసుకుంటే వందకు ఒకటి ఉన్నది రెండుకు లోపే అవుతుంది, అంటే నాలాంటి తల్లుల పిల్లల్లో నూటికి తొంభై ఎనిమిది మందికి ఆ సమస్య రాదు. అంతకంటే ముఖ్యమైన మాట తరువాత చెప్పాడు. 2022లో వచ్చిన మరో స్వీడన్‌ అధ్యయనంలో, గర్భం రావడానికి ముందటి ఏడాదిలో ఇన్‌ఫెక్షన్‌ వచ్చిన తల్లుల పిల్లల్లోనూ ఆటిజం అవకాశం, అదే అధ్యయనంలో గర్భంతో ఉండగా ఇన్‌ఫెక్షన్‌ వచ్చిన తల్లుల పిల్లల్లో ఎంత ఎక్కువో దాదాపు అంతే ఎక్కువగా కనిపించింది. అప్పటికి బిడ్డే లేదు కనుక, ఆ తేడాకు జ్వరం కంటే కుటుంబంలోని వంశపారంపర్య, ఇతర కారణాలే ఎక్కువ కావచ్చు. ఎలుకల్లో నిరూపణ అయినది మనుషుల్లో అంతే బలంగా జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం. అలాగని గర్భంలో ఇన్‌ఫెక్షన్‌కూ ఆటిజానికీ సంబంధమే లేదనీ కాదు; 1964లో అమెరికాలో రుబెల్లా ప్రబలినప్పుడు గర్భంలో ఆ వైరస్‌ సోకిన పిల్లల్లో ఆటిజం చాలా ఎక్కువగా కనిపించింది. అయితే ఆ వైరస్‌ నేరుగా పిండాన్నే చేరుతుంది, నా కిడ్నీలోని బ్యాక్టీరియా చేరలేదు.

లెక్క అర్థమైనా భయం ఒక్కసారిగా పోలేదు. నెలలు నిండాకే బాబు పుట్టాడు. ఏడాదిన్నర వయసులో వాడికి మాటలు తక్కువగా ఉంటే మళ్లీ నిద్రపట్టలేదు. వాడికి ఎన్ని మాటలు వచ్చో పిల్లల డాక్టరు లెక్కపెట్టలేదు. పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసినది వేలితో చూపిస్తున్నాడా, తాను చూసినదాన్ని మనమూ చూశామా లేదా అని మన ముఖం కేసి చూస్తున్నాడా అని గమనించి, వినికిడి పరీక్ష చేయించారు. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రెండేళ్లు దాటాక వాడు మాటలు అందుకుని, ఇప్పుడు వాళ్ల నానమ్మ యాసనే మాట్లాడుతున్నాడు.

ప్రస్తుతం నాకు మళ్లీ నాలుగో నెల. మంట, జ్వరం ఏమీ లేకపోయినా డాక్టరమ్మ మూడో నెలలోనే మూత్రం కల్చర్‌కు పంపారు. బాధ తెలియకుండానే బ్యాక్టీరియా పెరిగే గర్భిణులు ఉంటారని, చికిత్స చేయకపోతే వారిలో కొందరికి అది కిడ్నీ దాకా వెళుతుందని చెప్పారు. నాకూ బ్యాక్టీరియా కనిపించింది. వారం రోజులు సెఫలెక్సిన్‌ అనే యాంటీబయాటిక్‌ వాడాక చేసిన కల్చర్‌లో ఏమీ పెరగలేదు, ప్రతి నెలా మరోసారి చూద్దామన్నారు.