కీమన్ మావయ్యతో గోదావరి గట్టు మీద ఒక రోజు

ఊహ తెలిసినప్పటి నుంచి గోదావరిని ఎన్నిసార్లు దాటానో నాకే లెక్క తెలియదు కానీ, మొన్న డిసెంబరు వరకూ ఆ ఒడ్డున దిగి పది అడుగులు నడిచిన పాపాన పోలేదు. సికింద్రాబాద్ నుంచి తునిలోని అమ్మమ్మగారింటికి వెళ్ళే ప్రతి ప్రయాణంలోనూ కొవ్వూరు దాటగానే అమ్మ కొంగుముడి విప్పి నా చేతిలో ఒక బిళ్ళ పెట్టేది. కిటికీ ఊచల మధ్య నుంచి దాన్ని విసిరి, అది నీళ్ళలో పడిందో గర్డరుకు తగిలి ఖంగుమందో తేలకముందే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. గోదావరి అంటే మాకు అంతే. రెండేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు కూడా అస్థికలు కలపడానికి అన్నయ్యా మావయ్యా రాజమండ్రి వెళ్ళారు, నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను. అందుకే ఈసారి మావయ్యకు ఫోన్ చేసి, ఒక రోజంతా గట్టు మీద నడిపించమని అడిగాను. "నడవడానికేం, జీతం ఇచ్చి మరీ నడిపించారు నన్ను" అన్నారు ఆయన.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. మా మావయ్య 1979లో రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి, తరువాత కీమన్ అయ్యారు. కీమన్ అంటే తన బీటులోని పట్టాల వెంట రోజూ నడుస్తూ, పట్టాలను స్లీపర్లకు పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో బిగించి, బోల్టులు చూసుకుంటూ పోయే మనిషి. కొన్నేళ్ళపాటు ఆయన బీటులో గోదావరి మీది పాత రైలు వంతెన, హేవ్‌లాక్ వంతెన ఉండేది. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఆయన నడకలో స్లీపరుకూ స్లీపరుకూ మధ్య దూరం కొలుస్తున్నట్టు ఒకే కొలత ఉంటుంది. నేను మాత్రం ఆయన పక్కన నాలుగుసార్లు అడుగు మార్చుకోవలసి వచ్చింది.

తెల్లవారుజామున కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టాము. మంచు ఇంకా విడలేదు, అవతలి కొవ్వూరు ఒడ్డు కనిపించడం లేదు. మెట్ల మీద ఒకపక్క గుండు గీయించుకుంటున్న కొడుకులు, మరోపక్క అరిటాకుల్లో పిండాలు, వాటి చుట్టూ తొందరపడుతున్న కాకులు. పురోహితుడు ఒకాయన సంకల్పం చెబుతూంటే మావయ్య నన్ను ఆగమన్నారు. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ దొరను భగీరథుడిగా తలుచుకునే శ్లోకం కొందరు చెబుతారని, అది వినిపిస్తుందేమోనని ఆయన ఆశ. ఆ పూట వినపడలేదు. వినడానికి ఇంకా కిందికి దిగబోయి నేను పాచి పట్టిన మెట్టు మీద కాలు జారాను. దెబ్బ తగలలేదు కానీ ఎడమకాలి చెప్పు నీళ్ళలో పడి, నేను చెయ్యి చాచేలోగా నిదానంగా, ఏ తొందరా లేకుండా ధవళేశ్వరం వైపు వెళ్ళిపోయింది. "అందరూ రూపాయి వేస్తారు, నువ్వు చెప్పు వేశావు అమ్మడూ" అని మావయ్య చాలాసేపు నవ్వారు. రెండో చెప్పు చేత్తో పట్టుకుని, బజారు తెరిచేదాకా వట్టికాళ్ళతోనే నడిచాను. అది ఒకందుకు మంచిదే అయింది. చల్లటి రాతిమెట్లూ, ఇసుక మేటలూ, తడి సిమెంటూ అరికాలికి వేరువేరుగా తెలిశాయి.

గట్టు మీది నుంచి చూస్తే ఈ ఊరి వయసు ఒక వరుసలో కనిపించదు. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన ఊరు ఇదే. ఆ కాలం నుంచి ఇక్కడ కంటికి ఆనేది మాత్రం దాదాపు ఏమీ మిగలలేదు, ఊరి పేరు తప్ప. ఆ పేరునే 2015లో రాజమహేంద్రవరం అని అధికారికంగా తిరిగి పెట్టారు. కాగితాల్లో పేరు మారింది కానీ, ఆటో వాళ్ళూ మావయ్యా ఇంకా రాజమండ్రి అనే అంటారు, నేనూ అంతే. చూడదలచినవాళ్ళకు ఈ గట్టున నిజంగా దొరికేది పందొమ్మిదో శతాబ్దమూ, ఆ తరువాతి పాతికేళ్ళూ.

ఇన్నీస్‌పేట వైపు తిరిగి వంకాయలవారి వీధిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూశాము. పాఠ్యపుస్తకంలో ఆయన గురించి చదువుకున్నది నాకు రెండు ముక్కల్లో గుర్తుంది: 1881 డిసెంబరు 11న ఆయన తన ఇంట్లో తొలి వితంతు వివాహం జరిపించారు, వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు ఊరంతా ఎదురుతిరిగితే పోలీసు కాపలా మధ్య పెళ్ళి జరిగిందనీ, కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారనీ మాస్టారు చెప్పిందే. ఆ వీధిలో నిలబడినప్పుడు గుర్తొచ్చింది మాత్రం పంతులుగారు కాదు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. వెలి భయంతో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ పని మానేస్తే, ఆవిడ స్వయంగా గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, వచ్చినవాళ్ళకు వండిపెట్టింది. ఎంత దూరమో తెలుసుకోవాలనిపించి రేవు దాకా ఆ దారిలో నడిచాను. దూరం పెద్దదేమీ కాదు, నా కాలికే భారం అనిపించలేదు. కానీ నిండు బిందె చంకనెత్తుకుని, అరుగుల మీది నుంచి చూస్తున్న ఇరుగుపొరుగు ముందు నుంచి ఆ దూరాన్ని రోజుకు ఎన్నిసార్లు నడిచి ఉంటుందో ఊహించుకుంటే, సంఘ సంస్కరణ అనే మాటకు నా మనసులో ఉన్న రూపం కొంచెం మారింది. ఉపన్యాసాల గురించి పుస్తకాలు చాలా రాశాయి, బిందెల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టాయి.

అక్కడి నుంచి తిరిగి గట్టుకు వచ్చి దామెర్ల రామారావు చిత్రశాలలో కాసేపు కూర్చున్నాము. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన మనిషి, అంటే బతికింది ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండకుండా. ఇక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిని గుర్తించి ప్రోత్సహించగా, బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని వచ్చాడు. 'సిద్ధార్థ రాగోదయం' ముందు అందరూ ఆగుతారు. నేను ఎక్కువసేపు నిలబడింది ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ వేసిన బొమ్మల ముందు. ఒకే ఇంట్లో ముగ్గురు కుంచె పట్టిన రోజులు ఎలా గడిచాయో చెప్పే పలక ఒక్కటైనా అక్కడ ఉంటే బాగుండేది. మావయ్య బొమ్మలు చూడలేదు, పటాలు తగిలించిన గోడ చెమ్మను చూశారు. "నది పక్కన ఏది కట్టినా ముందు చెమ్మకు జవాబు చెప్పుకోవాలి" అన్నారు.

కోటగుమ్మం దగ్గర హవాయి చెప్పులు కొనుక్కుని, చెరొక గ్లాసు రోజ్ మిల్క్ తాగి, పుష్కరాల రేవుకు వచ్చేసరికి ఎండ ముదిరింది. 2015 పుష్కరాల మొదటి రోజున తొక్కిసలాటలో ప్రాణాలు పోయిన చోటు కనుక మావయ్య అక్కడ చెప్పులు విడిచి ఒక్క నిమిషం నిలబడ్డారు. తరువాత పాత వంతెన వైపు తిరిగి, చెయ్యెత్తి, పొలం గట్లు చూపించే రైతులా చెప్పడం మొదలుపెట్టారు.

ఆ వంతెనకు 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు. పని 1897 నవంబరులో మొదలై, 1900 ఆగస్టు 30న రైళ్ళకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు కానీ, కట్టించిన ఇంజనీరు వాల్టన్. ఆయన అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టి వచ్చినవాడు. ఇసుక నదిలో రాతి స్తంభం ఎలా నిలుస్తుందని అడిగితే మావయ్య నేల మీద కూర్చుని వేలితో గుండ్రంగా గీశారు. ముందు నదిలో బావిగోడలాంటి ఒరను కడతారు, లోపలి ఇసుక తోడుతూ పోతే దాని బరువుకు అదే కిందికి దిగుతుంది, గట్టి నేల తగిలేదాకా పైన కడుతూ, లోపల తోడుతూ ఉంటారు. "బావి తవ్వడం కాదమ్మా, బావిని దించడం" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో నాకు అర్థమైనంత ఏ పుస్తకంతోనూ అర్థం కాలేదు.

రైలు వస్తే నడుమ ఎక్కడికి తప్పుకునేవారని అడిగాను. ఖానాల మధ్య అక్కడక్కడ మనిషి నిలబడడానికి పక్కకు కట్టిన చిన్న అరుగులు ఉండేవట. రైలు పోతున్నంతసేపూ అక్కడ కమ్మీ పట్టుకుని నిలబడాలి, పాదాల కింద మొత్తం వంతెన కూనిరాగం తీస్తుంది. బిళ్ళలు విసిరే చేతులు ఆయనకు ఎదురుగా వచ్చేవి. కొన్ని నీళ్ళలో పడకుండా గర్డర్ల మీదా స్తంభాల నెత్తినా మిగిలిపోయేవట, గ్యాంగు వాళ్ళు వాటిని ఏరి టీ తాగేవారట. "మీ అమ్మ వేసిన బిళ్ళతో కూడా ఒకసారి తాగే ఉంటాను. అక్క డబ్బే కదా, పాపం లేదు" అన్నారు.

ఆర్చీల వంతెన వచ్చాక 1997లో పాత వంతెనను ఆపేశారు. ఎర్రగా తుప్పు పట్టి, రెండు కొసలా మూసి ఉంది. దాన్ని నడకదారిగా మారుస్తామన్న మాట అప్పటి నుంచీ వింటూనే ఉన్నాము. 2025లో ఈ వంతెనను కూడా కలుపుకున్న అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. రంగుల దీపాలూ బొమ్మలూ తరువాత సంగతి, ముందు మనిషి నడిచేలా పలకలు పరిచి వదిలేస్తే చాలని నా అభిప్రాయం. 2027 పుష్కరాలకు ఆ మాత్రం అయినా మా మావయ్య ఒకసారి చివరిదాకా నడిచి వస్తారు.

మధ్యాహ్నం ఆటోలో ధవళేశ్వరం వెళ్ళాము. కాటన్ మ్యూజియం త్వరగానే చూసేశాను కానీ, బ్యారేజీ దగ్గర నిలబడ్డాక కదలబుద్ధి కాలేదు. లంకలు నదిని ఇక్కడ పాయలుగా చీల్చడం, పక్కనే రాయి తీయడానికి కొండ ఉండడం చూసి కాటన్ ఈ చోటు ఎంచుకున్నాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా ఆనకట్ట పూర్తి చేశాడు. నందన నామ సంవత్సరపు కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన సీమ, ఆ తరువాత వరి పండించి పదిమందికి పెట్టే సీమ అయింది. ఇప్పుడున్నది పాతదాని స్థానంలో వచ్చిన బ్యారేజీ. ఇక్కడి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రతి వానాకాలం మావయ్య ఫోన్‌లో పలకరింపుకంటే ముందు చెప్పే అంకెలు ఇవే. అవి రాసి ఉన్న కొలబద్దను కళ్ళారా చూశాక, ఆయన గొంతులో ఆ ఆదుర్దా ఎందుకుండేదో తెలిసింది.

సాయంత్రం మళ్ళీ పుష్కరాల రేవుకే వచ్చాము. మెట్ల చివర పదీ పన్నెండేళ్ళ కుర్రవాడు ఒకడు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి, నీళ్ళలోకి విసిరి, మెల్లగా లాగుతున్నాడు. లాగినప్పుడల్లా ఒకటో రెండో స్టీలు రూపాయలు బురదతో పాటు అతుక్కుని వస్తున్నాయి. పాత బిళ్ళలేమైనా దొరుకుతాయా అని అడిగాను.

"అవి దీనికి అంటవండీ. కొత్తవే వత్తాయి" అన్నాడు వాడు, తాడు చుట్టుకుంటూ.

అది నిజమే. ఎనభైలలో అమ్మ నా చేతిలో పెట్టిన రూపాయలూ అర్ధరూపాయలూ రాగీ నికెలూ కలిపి పోసినవి, స్టీలు రూపాయి వచ్చింది 1992లో. నేను ఆ మాట చెబితే మావయ్య కాసేపు వంతెన వైపు చూసి, వేళ్ళ మీద ఏవో ఖానాలు లెక్కపెట్టుకున్నారు.

"అయితే మేము టీ తాగినవి పోను, మీ అమ్మవన్నీ అక్కడే ఉన్నాయన్నమాట" అని, నా రైలు ఎన్నింటికని అడిగారు.