గెట్ యూనిట్లతో కాలేజీ ఫీజు: ఏ డాలరు దేనికి, ఏ సంవత్సరంలో, ఎవరి పేరు మీద

సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు తెలుగువాళ్లలో పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే గెట్ యూనిట్లు కొని పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గెట్ అంటే గ్యారంటీడ్ ఎడ్యుకేషన్ ట్యూషన్, వాషింగ్టన్ రాష్ట్రం 1998 నుంచి నడుపుతున్న ప్రీపెయిడ్ ట్యూషన్ పథకం. కొనాలా వద్దా అన్న చర్చ ఏ బర్త్‌డే పార్టీలో అయినా వినిపిస్తుంది. వాడడం గురించి మాత్రం యూనివర్సిటీ నుంచి మొదటి బిల్లు వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే.

ముందు యూనిట్ అంటే ఏమిటో తేల్చుకుందాం. రాష్ట్రంలో అన్నిటికన్నా ఖరీదైన ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక రెసిడెంట్ విద్యార్థికి ఏడాదికయ్యే అండర్‌గ్రాడ్యుయేట్ ట్యూషన్, దానికి తోడు రాష్ట్రం తప్పనిసరి చేసిన ఫీజులు: ఈ మొత్తంలో నూరో వంతే ఒక యూనిట్ విలువ. అంటే 100 యూనిట్లు ఒక ఏడాది చదువుకు సరిపడా. ఈ విలువను ఏ విద్యా సంవత్సరానికి ఆ సంవత్సరం నిర్ణయిస్తారు. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ యూనిట్ 130 డాలర్లు అనుకుందాం. మీ ఖాతాలో ఉన్న అసలు విలువ లాగిన్ అయితే కనిపిస్తుంది.

యూనిట్ ఏ కాలేజీకి వెళ్లినా అదే డాలర్ల విలువ తెస్తుంది. పిల్లాడు సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరితే 100 యూనిట్లు ఏడాది ట్యూషన్‌ను దాదాపుగా మోస్తాయి. ఏడాదికి 60,000 డాలర్లు తీసుకునే ప్రైవేటు కాలేజీలో చేరితే అవే 100 యూనిట్లు 13,000 ఇచ్చి ఆగిపోతాయి. కమ్యూనిటీ కాలేజీలో చేరితే చాలా మిగులుతాయి. హైస్కూల్లోనే రన్నింగ్ స్టార్ట్ (స్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు చదివే రాష్ట్ర పథకం) పెట్టుకుని రెండేళ్ల క్రెడిట్లు ట్యూషన్ లేకుండా పూర్తి చేసిన పిల్లలకు కూడా మిగులుతాయి. పాప కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు నాలుగేళ్లకని 400 యూనిట్లు కొన్నవాళ్లు ఇప్పుడు లెక్క మళ్లీ చూసుకోవాలి.

ట్యూషన్ ఎప్పుడూ పెరుగుతుందన్న నమ్మకం మీదే ఈ పథకం నిలబడింది. 2015లో వాషింగ్టన్ శాసనసభ ట్యూషన్‌ను తగ్గించింది. పెద్ద యూనివర్సిటీల్లో రెండేళ్లలో అది 15 శాతం దాకా తగ్గింది. పాత ఖాతాదార్లు నష్టపోకుండా అప్పట్లో యూనిట్ విలువను 117.82 డాలర్ల దగ్గర ఆపి ఉంచారు, కొత్త అమ్మకాలు నిలిపేశారు, 2017 నవంబరులో మళ్లీ తెరిచారు. పాత ఖాతాల్లో యూనిట్ల సంఖ్య పెంచి కొత్త విలువకు సర్దారు. అప్పటి కాగితం మీద 200 అని ఉండి ఖాతాలో వేరే సంఖ్య కనిపిస్తుంటే కంగారు పడక్కర్లేదు. కొన్నప్పటి కాగితం బీరువాలోనే ఉండనివ్వండి, ఖాతాలో ఉన్న సంఖ్యనే నమ్మండి.

వాడకానికి రెండు గడువులున్నాయి. కొన్న యూనిట్‌ను రెండేళ్లు గడవకుండా తియ్యలేరు. పదకొండో తరగతిలో ఉన్న పిల్లకు ఈ వసంతంలో కొన్నవి కాలేజీలో మొదటి ఫీజుకు అక్కరకు రావు. రెండోది, వాడటానికి మామూలుగా పదేళ్ల గడువు. దాన్ని పొడిగించమని అడగొచ్చు.

ఫ్లోరిడాలో ప్రీపెయిడ్ ప్లాన్ క్రెడిట్ గంటల లెక్కన నడుస్తుంది, అక్కడ ఆ గంటలు ట్యూషన్‌కే పోతాయి. గెట్ అలా కాదు. యూనిట్‌ను డాలర్లుగా మార్చుకుని హాస్టల్‌కు, భోజనానికి, పుస్తకాలకు, లాప్‌టాప్‌కు కూడా వాడుకోవచ్చు. నా ఉద్దేశంలో గెట్‌లో అసలు గొప్ప ఇదే, కానీ చాలామంది దీన్ని వాడుకోరు. "ట్యూషన్ ప్లాన్ కదా" అని మొత్తం ట్యూషన్‌కే పోసేస్తారు. అలా పోసినందుకు పన్ను దగ్గర చేతికి రావాల్సిన 2,500 డాలర్లను చిక్కుల్లో పడేసుకుంటారు.

అది ఎలాగో చూడండి. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కట్టాల్సిన ఆదాయపు పన్నులోంచి తగ్గే ఫెడరల్ రాయితీ) ఒక విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా 2,500 డాలర్లు ఇస్తుంది: మొదటి 2,000 ఖర్చుకు మొత్తం, తర్వాతి 2,000కు నాలుగో వంతు. అంటే దీనికి 4,000 డాలర్ల ఖర్చు చూపించాలి. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సు పుస్తకాలు మాత్రమే లెక్కకొస్తాయి. హాస్టల్, భోజనం రావు. ఒకే ఖర్చును క్రెడిట్‌కూ చూపించి గెట్‌కూ చూపించకూడదు. కాబట్టి చెయ్యాల్సింది ఇది: బిల్లులో 4,000 డాలర్ల ట్యూషన్‌ను క్రెడిట్ కోసం పక్కన పెట్టండి. మిగతా ట్యూషన్‌ను, హాస్టల్‌ను, భోజనాన్ని గెట్‌కు వదలండి. పైన అనుకున్న లెక్కలో ఆ 4,000 అంటే 31 యూనిట్లకు కొంచెం తక్కువ. అవి ఖాతాలోనే ఉంటాయి, లేదా అద్దెకు వెళ్తాయి.

ఏడాది చివర వేసుకోవాల్సిన లెక్క ఒక్కటే. అర్హత ఉన్న ఖర్చులన్నీ కూడండి. అందులోంచి పన్ను లేని స్కాలర్‌షిప్‌లు తీసేయండి. క్రెడిట్‌కు వాడిన 4,000 తీసేయండి. మిగిలింది ఆ ఏడాది గెట్ నుంచి తీసిన మొత్తం కన్నా ఎక్కువ ఉంటే పన్ను లేదు. తక్కువ పడితే, తేడాకు సరిపడా లాభం భాగం మీద పన్ను పడుతుంది. ఉదాహరణకు, పిల్లాడు ఇంట్లోంచే కాలేజీకి వెళ్తున్నాడు, 13,000 తీసి మొత్తం ట్యూషన్‌కే కట్టారు, వేరే ఖర్చు ఏమీ చూపించలేదు, అందులో లాభం 5,200. పైగా 4,000 మీద క్రెడిట్ తీసుకున్నారు. అప్పుడు 5,200లో పదమూడింట నాలుగు వంతులు, అంటే 1,600 డాలర్లు ఆదాయంలో కలుస్తాయి. క్రెడిట్ వల్ల వచ్చిన ఈ తేడాకు, చదువుకు కాకుండా తీసిన డబ్బులో లాభం మీద మామూలుగా పడే 10 శాతం అదనపు పన్ను మాత్రం ఉండదు. స్కాలర్‌షిప్ వచ్చినంత మేర తీసుకున్నా ఆ 10 శాతం మాఫీనే. 2,500 కోసం 1,600 మీద పన్ను కట్టినా లాభమే, కాకపోతే ముందే సర్దుకుంటే అదీ కట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక. జాయింట్‌గా ఫైల్ చేసే దంపతుల ఆదాయం 1,60,000 డాలర్లు దాటగానే ఈ క్రెడిట్ తగ్గుతూ 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. ఇద్దరూ టెక్ ఉద్యోగాలు చేసే ఇళ్లలో చాలావాటికి ఈ గొడవే లేదు, హాయిగా ట్యూషన్‌కే పోసెయ్యొచ్చు. ఒక జీతం మీద నడిచే ఇల్లు, ఆ ఏడాది లేఆఫ్ అయి ఆదాయం పడిపోయిన ఇల్లు తప్పకుండా చూసుకోవాలి. ఇంకొకటి: 2026 పన్ను సంవత్సరం నుంచి ఈ క్రెడిట్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి, ఐటిన్ (ఆ నంబరు లేనివాళ్లకు పన్ను శాఖ ఇచ్చే నంబరు) చెల్లదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి ఐటిన్ మాత్రమే ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇకమీద ఆ 4,000 పక్కన పెట్టడంలో అర్థం లేదు.

తర్వాత ప్రశ్న, డబ్బు ఎవరికి పంపించాలి? కాలేజీకి నేరుగా, విద్యార్థికి, ఖాతాదారుకు: మూడు దార్లున్నాయి. కాలేజీకో విద్యార్థికో వెళ్తే, తీసిన డబ్బును పన్ను శాఖకు చూపించే 1099-క్యూ ఫారం విద్యార్థి పేరున వస్తుంది. ఖాతాదారుకు, అంటే అమ్మకో నాన్నకో వస్తే వాళ్ల పేరున వస్తుంది. ఎక్కడో లెక్క తప్పి కొంత లాభం మీద పన్ను పడినా విద్యార్థి పేరున ఉంటే సాధారణంగా తక్కువే, అందుకని తల్లిదండ్రుల పేరున తీసుకోవడానికి నేను మొగ్గను. ట్యూషన్ అయితే కాలేజీకి, అద్దె, పుస్తకాలు అయితే విద్యార్థి బ్యాంకు ఖాతాకు, ఇదే తేలిక.

కాలేజీకి పంపేటప్పుడు విద్యార్థి నంబరు తప్పకుండా ఉండాలి. అది లేని చెక్కు అకౌంట్స్ ఆఫీసులో మూలన పడి ఉంటుంది, ఇక్కడ బిల్లు మీద లేట్ ఫీజు పడుతుంది. ఇంకో తప్పు ఇంతకన్నా చెడ్డది: వచ్చిన చెక్కును బయటి స్కాలర్‌షిప్‌గా నమోదు చేస్తారు. దాంతో ఆర్థిక సాయం తగ్గొచ్చు, కాలేజీ ఏటా పన్ను కోసం ఇచ్చే 1098-టి ఫారంలో ఐదో గడి, అంటే స్కాలర్‌షిప్‌ల గడి, పెరుగుతుంది. డబ్బు జమైన వారంలోపు విద్యార్థి పోర్టల్‌లో ఆ వరుస దగ్గర ఏ పేరు రాశారో చూడండి. స్కాలర్‌షిప్ అని ఉంటే వెంటనే మార్పించండి. ఫిబ్రవరిలో ఫారం చేతికొచ్చాక మార్పించడం ఓ ప్రహసనం.

తారీఖుల దగ్గర చాలామంది తడబడతారు. ఖర్చూ, గెట్ నుంచి తీసిన డబ్బూ ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ఉండాలి. విద్యా సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబరు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ క్వార్టర్ల లెక్కన నడుస్తుంది, ఫీజు గడువు ప్రతి క్వార్టర్‌లో మూడో శుక్రవారం. శీతాకాలం క్వార్టర్ జనవరిలో మొదలవుతుంది కాబట్టి గడువు కూడా జనవరిలోనే. కానీ బిల్లు ముందే కనిపిస్తుంది. సెలవుల్లో డిసెంబరు 28న కార్డుతో కట్టేసి, గెట్ నుంచి జనవరి 5న తీసుకుంటే ఖర్చు ఒక ఏడాదిది, డబ్బు ఇంకో ఏడాదిది. రెండూ జనవరిలో పెట్టుకోండి, లేదా రెండూ డిసెంబరులో. గడువుకు కనీసం రెండు మూడు వారాల ముందు అడగండి, చెక్కు ప్రయాణానికి, జమకు టైమ్ పడుతుంది.

బయట అపార్ట్‌మెంట్‌లో ఉండే పిల్లల అద్దె కూడా చెల్లుతుంది, కానీ కట్టినంతా కాదు. కాలేజీ ఆ సంవత్సరానికి ప్రకటించిన ఖర్చుల పట్టికలో వసతి, భోజనానికి ఎంత రాసిందో అంతవరకే. విద్యార్థి కనీసం హాఫ్‌టైమ్ చదువుతూ ఉండాలి. ఆ పట్టిక పేజీని ఏటా పీడీఎఫ్‌గా దాచుకోండి, వచ్చే ఏడాది అది మారిపోతుంది. కాస్ట్‌కోలో కొన్న బియ్యం, పప్పు ఆ భోజనం హద్దులోకే వస్తాయి, రసీదు ఉంచుకోండి. విమానం టిక్కెట్లు, కారు, ఫోన్ బిల్లు, హెల్త్ ఇన్సూరెన్స్ రావు. సెలవులకు హైదరాబాద్ వెళ్లొచ్చిన టిక్కెట్‌ను చదువు ఖర్చులో కలిపేద్దామన్న ఆలోచన వదిలేయండి.

పిల్లాడు క్లాసు వదిలేసి కాలేజీ డబ్బు వెనక్కి ఇస్తే, 60 రోజుల్లోపు దాన్ని 529 ఖాతాలో (పన్ను మినహాయింపు ఉన్న చదువు ఖాతా, గెట్ కూడా అలాంటిదే) తిరిగి వేయాలి. వేస్తే పన్ను గొడవ ఉండదు. ఆ డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాలో వచ్చి పడుతుంది, వాడు ఇంట్లో చెప్పడు, 60 రోజులు గడిచిపోతాయి. ప్రతి క్వార్టర్ మొదట్లో ఒకసారి అడగడం అమ్మానాన్నల పని.

ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) నింపేటప్పుడు గెట్‌ను తల్లిదండ్రుల ఆస్తిగా, రద్దు చేస్తే వచ్చే విలువతో చూపించాలి. 2006 ముందు ప్రీపెయిడ్ ప్లాన్ డాలరుకు డాలరు సాయాన్ని కోసేది, పాతవాళ్లు ఇంకా అదే భయపెడుతుంటారు. ఇప్పుడు అలా లేదు.

మిగిలిపోయిన యూనిట్లను చెల్లికో తమ్ముడికో మార్చొచ్చు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలకు కూడా మార్చొచ్చు. ఇక్కడ తరచూ వచ్చే ప్రశ్న: "విజయవాడ నుంచి మా మేనల్లుడు ఎం.ఎస్.కి వస్తున్నాడు, వాడికి వాడొచ్చా?" మీ పిల్లకు వాడు మేనత్త కొడుకో మేనమామ కొడుకో అవుతాడు, కాబట్టి బంధుత్వం సరిపోతుంది. పీజీ చదువు కూడా చెల్లుతుంది. కాలేజీ మాత్రం అమెరికా ఫెడరల్ విద్యార్థి సాయానికి అర్హత ఉన్నదై ఉండాలి, ఇండియాలో చాలా కాలేజీలు ఆ జాబితాలో లేవు. కొత్త లబ్ధిదారుకు సోషల్ సెక్యూరిటీ నంబరో ఐటిన్నో కావాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద కొత్తగా దిగిన అబ్బాయికి క్యాంపస్ ఉద్యోగం దొరికేదాకా మొదటిది రాదు. అందుకని మొదటి సెమిస్టర్ ఫీజును ఈ యూనిట్ల మీద పెట్టుకుని ఎవరికీ మాట ఇవ్వకండి. రెండో సెమిస్టర్‌కు చూసుకోవచ్చు.