ఫోన్ మోగింది, జింక దొరికింది, చెప్పుకోడానికి కథ లేదు

ముందే ఒక మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు పూర్తిగా బంద్ కాబట్టి అక్కడ చదువుతున్నవాళ్ళు కంగారు పడొద్దు. నేనుండేది అమెరికాలో. ఇక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్ తెరిచిన రోజుల్లో, ఎన్ని కొట్టమని ట్యాగు ఇచ్చారో అన్నే కొట్టే వేట నాది. అసలు వేటే తప్పు అనేవాళ్ళతో ఇవాళ వాదన పెట్టుకోను, అది ఇంకో రోజు చూద్దాం. ఇవాళ గొడవ నాతో నాకే.

రెండేళ్ళ కిందటి నవంబర్. జింకలు ఎదకొచ్చే కాలం, పోతులు తిండీ నిద్రా మానేసి ఆడవాటి వెంట తిరిగే రోజులు. తెల్లవారుజామునుంచి చెట్టుమీద మంచెలో కూర్చున్నాను, కాళ్ళు మొద్దుబారిపోయాయి, ఎదురుగా ఉడతలు తప్ప ఏమీ లేవు. జేబులో ఫోన్ వణికింది. తీసి చూస్తే ఫొటో, వాగు దగ్గర చెట్టుకి కట్టిన నా ట్రయిల్ కెమెరా పంపింది. జూలైనుంచి నేను వెంటపడుతున్న పోతు, ఎడమ కొమ్ము కొస విరిగినది, వాగు మలుపు దగ్గర నిలబడి ఓక్ కాయలు ఏరుకు తింటోంది. ఫొటో మీద టైము, ఫోన్లో టైము చూశాను, రెండు నిమిషాల తేడా. వాగు మలుపు నా మంచెకు మహా అయితే మూడొందల అడుగులు. గాలి అటునుంచి నా వైపే వీస్తోంది. నెమ్మదిగా దిగి, చుట్టూ తిరిగి, పడిపోయిన మాను వెనక మోకాళ్ళమీద కూర్చున్నాను. ఇంకా తింటూనే ఉంది. ఒకటే గుండు, అక్కడికక్కడే కూలింది.

మా దగ్గర అది చట్టానికి విరుద్ధం కాదు. ట్యాగు ఉంది, సీజను ఉంది, గురి తప్పలేదు, జంతువు బాధపడలేదు, మాంసం ఒక్క ముక్క వృథా కాలేదు. సాయంత్రం ఫ్రెండ్ వచ్చి "ఎలా దొరికిందిరా?" అన్నాడు. "ఫోన్‌లో వచ్చింది" అన్నాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. వాడు వెళ్ళాక ఫ్రీజర్ సర్దుతూ ఆలోచిస్తే, ఇన్నేళ్ళలో ఏ జింక గురించి అయినా పావుగంట చెప్పేవాణ్ణి, జాడ ఎక్కడ పట్టాను, ఎక్కడ పోగొట్టుకున్నాను, ఎక్కడ నన్ను వెర్రివాణ్ణి చేసింది అని. దీని గురించి చెప్పడానికి ఒక వాక్యం మించి లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ట్రయిల్ కెమెరా అంటే చెట్టుకు పట్టీతో బిగించే చిన్న డబ్బా. లోపల ఒక సెన్సర్ ఎదురుగా ఉన్న వేడిలో మార్పు కోసం చూస్తూ ఉంటుంది. చుట్టుపక్కలకన్నా వెచ్చటి ఒళ్ళు ఏదైనా దానిముందు కదిలితే అరక్షణంలోపు ఫొటో తీస్తుంది. కొన్నిట్లో ఆ ఫొటో లోపలి మెమరీ కార్డులోనే ఉండిపోతుంది, మనం వెళ్ళి తెచ్చుకోవాలి. సిమ్ ఉన్న రకమైతే వెంటనే ఫోన్‌కి పంపేస్తుంది. రాత్రి కోసం ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి. వెలుగు తరంగం పొడవు 850 నానోమీటర్లవైతే దగ్గరనుంచి మసక ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. 940వి అయితే మనకి కనిపించవు, కానీ ఫొటో కొంచెం మసకగా వస్తుంది, దూరం తగ్గుతుంది. జంతువులకు అసలు తెలియదని కంపెనీలు అంటాయి గానీ ఆ నమ్మకం పెట్టుకోకండి, ఈ డబ్బాలు చేసే చిన్న చప్పుళ్ళూ వెలుగూ చాలా జంతువులకు అందుతాయని పరిశోధకులు కొలిచి చూపించారు. నా దగ్గరే ఒక ముసలి ఆడజింక ఫొటో ఉంది, మెడ చాచి సూటిగా లెన్సులోకి, ఎవడ్రా నువ్వు అన్నట్టు చూస్తూ. ఆ తర్వాత అది ఆ దారిన రాలేదు.

పెట్టడం కూడా ఒక విద్యే. తూర్పుకో పడమరకో తిప్పితే ఎండ సెన్సర్‌ని పిచ్చిదాన్ని చేస్తుంది, అందుకే ఉత్తరం వైపు తిప్పుతాం. ముందున్న గడ్డి కోయకపోతే ఏమవుతుందో నేను స్వయంగా నేర్చుకున్నాను. మొదటి ఏడాది రెండు వారాల తర్వాత కార్డు తెచ్చి చూస్తే వెయ్యికి పైగా ఫొటోలు, ఆనందంతో కాఫీ పెట్టుకుని మరీ కూర్చున్నాను. అన్నిట్లోనూ ఒకే గడ్డిపోచ. గాలికి ఊగుతూ, రకరకాల వెలుగుల్లో.

ఇందులో మంచి లేదంటే అబద్ధమే. ఏ పోతు వయసెంతో ముందే తెలిస్తే కుర్రదాన్ని వదిలేస్తాం. పిల్లలు ఎన్ని బతికాయో, ఆడవి ఎన్నో మగవి ఎన్నో ఒక అంచనా వస్తుంది. ఎలుగుబంటి వేటకి ఎర పెట్టనిచ్చే చోట్ల అయితే కెమెరా నిజంగా ప్రాణాలు కాపాడుతుంది, ఎర దగ్గరికొచ్చే ఆడ ఎలుగు వెనక పిల్లలున్నాయో లేదో ముందే తెలుస్తుంది కాబట్టి. పిల్లలు పొదల్లో ఆగిపోయి తల్లి ఒక్కతే ముందుకొస్తే, మసక చీకట్లో మంచెమీద ఉన్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఇలాంటి కెమెరాలతోనే ఇండియాలో పులుల్ని లెక్కపెడుతున్నారు. 2018-19 లెక్కలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టి మూడుకోట్ల నలభై లక్షలకు పైగా ఫొటోలు తీశారు, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. ఒంటిమీది చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపడతారు.

చిత్రమేంటంటే ఈ విద్య పుట్టింది కూడా వేటగాడి చేతుల్లోనే. జార్జ్ షైరస్ అని మిషిగన్ అడవుల్లో తిరిగినాయన, రాత్రిపూట పడవ ముందు దీపం పెట్టుకుని, ఆ వెలుగుకి కళ్ళు మెరిసే జింకల్ని కొట్టే పద్ధతి ఓజిబ్వే తెగవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత తుపాకీ పక్కనపెట్టి అదే పద్ధతిలో ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. ఆపైన దారికడ్డంగా తీగ కట్టి, జంతువు తగిలితే దాని ఫొటో అదే తీసుకునేలా ఏర్పాటు చేశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 వేసింది. అంటే తుపాకీ వదిలెయ్యడానికి దారి చూపించిన పనిముట్టుని మేము తెచ్చి తుపాకీకి కళ్ళుగా తగిలించాం.

ఇక్కడి వేటగాళ్ళు మాటిమాటికీ 'ఫెయిర్ చేజ్' అంటారు. నేనైతే ధర్మంగా వేటాడటం అనుకుంటాను. జంతువుకి తప్పించుకునే అవకాశం నిజంగా ఉండాలి, వేటగాడి చేతిలో మితిమీరిన పైచేయి ఉండకూడదు, అంతే. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఈ మాటని పట్టుకుని నిలబడింది. ఈ రూజ్‌వెల్టే అమెరికా అధ్యక్షుడిగా ఉండగా 1902లో మిసిసిపిలో వేటకెళ్తే, ఆయనకి ఏమీ దొరకలేదని వెంట ఉన్నవాళ్ళు కుక్కలతో తరిమి పట్టుకున్న ఎలుగుబంటిని చెట్టుకి కట్టి కాల్చుకోండన్నారు. కట్టేసినదాన్ని కాల్చనన్నాడు. టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది ఆ కథలోంచే. అయితే బొమ్మల షాపుల్లో చెప్పని ముక్క ఒకటుంది. ఆ ఎలుగు అప్పటికే బాగా దెబ్బలు తిన్నది, దాని బాధ తీర్చమని చెప్పి ఆయనే చంపించాడు. ధర్మం అన్నది అప్పుడు కూడా అంత శుభ్రంగా ఏం లేదు. ఆ క్లబ్బు ఇప్పుడు, అప్పటికప్పుడు జంతువు ఎక్కడుందో చెప్పే ఫొటో చూసి వెంటనే వెళ్ళి కొడితే అది ధర్మమైన వేట కాదంటుంది. నా వాగు మలుపు జింక సరిగ్గా అందులోకే వస్తుంది. అది చదివినరోజు నాకు కాసేపు కోపం వచ్చింది, క్లబ్బుమీద.

రాష్ట్రాలు కూడా ఊరుకోలేదు. అరిజోనాలో వేట నియమాలు చూసే కమిషన్ 2021 జూన్‌లో 5-0 ఓట్లతో వేట కోసం ట్రయిల్ కెమెరాలు వాడటమే వద్దంది, 2022 జనవరి 1 నుంచి అమలు. ఎందుకంటే అది ఎండిన నేల, జంతువులకు నీటిగుంటలే దిక్కు. ఒక్కో గుంట చుట్టూ ఎవరి కెమెరా వాళ్ళు, వాటిని చూసుకోడానికి రోజూ ఎవరో ఒకరు బండేసుకుని రావడం, దాహంతో వచ్చిన జంతువు మనిషి వాసనకి వెనక్కి పోవడం, కెమెరాల కోసం వేటగాళ్ళలో వాళ్ళే కొట్టుకోవడం. నెవాడా అంతకుముందే, ప్రభుత్వ భూముల్లో ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 31 దాకా పెట్టొద్దంది. ఫొటోలు పంపే రకానికైతే నిషేధం జూలై 1 నుంచే. యూటా కూడా 2022లో సీజన్ నెలలకి ఆంక్షలు తెచ్చింది. మా ఫ్రెండు ఒకడు దీన్ని తిట్టిపోస్తాడు, తుపాకీకి దూరదర్శిని పెట్టొచ్చు, కిలోమీటరు దూరం కొలిచే యంత్రం పెట్టుకోవచ్చు, పాపం ఈ డబ్బా ఏం చేసిందని. వాడి మాటలో నిజం లేకపోలేదు. కానీ దూరదర్శిని నేను అడవిలో ఉండి చూస్తున్నప్పుడే పనిచేస్తుంది. ఈ డబ్బా నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు కూడా నా బదులు మాటు వేసి కూర్చుంటుంది, ఒకటి కాదు, నాలుగు చోట్ల, రాత్రీ పగలూ.

అందుకే నాకు తేడా అంతా టైములోనే కనిపిస్తుంది. కార్డుతో పనిచేసే కెమెరా ఉందనుకోండి, రెండు వారాలకోసారి వెళ్ళి తెచ్చుకుంటాను. అందులో ఉన్నది పాతకథ. ఆ పోతు పదో తారీఖున ఇక్కడికొచ్చింది, గాలి ఇటు ఉన్నప్పుడు వచ్చింది, అటు ఉన్నప్పుడు రాలేదు. దానినుంచి ఇవాళ ఎక్కడుంటుందో నేను ఊహించాలి, ఊహ తప్పడానికి బోలెడు అవకాశం ఉంది. పైగా వేసవిలో కొమ్ములమీద నూగుతోలు ఉన్నప్పుడు అవి తిరిగే దారులు వేరు, సెప్టెంబర్‌లో తోలు రాలాక వేరు, ఎదకాలంలో అయితే దారీ లేదు డొంకా లేదు. పాత ఫొటో అడవిని నేర్పిస్తుంది. రెండు నిమిషాల ఫొటో నేర్పేదేం లేదు, వేలు పెట్టి చూపిస్తుంది.

దీన్ని సూత్రం చేసి ప్రతిదానికీ అంటించకండి మళ్ళీ. అడవిపందుల సంగతి ఉంది. ఇక్కడివి కావవి, బయటినుంచి తెచ్చినవి, పెరిగి పెరిగి పంటల్నీ వాగుల్నీ కుళ్ళబొడుస్తున్నాయి. వాటికోసం పెద్ద దొడ్డి కట్టి, లోపల మొక్కజొన్న చల్లి, ఫోన్లో కెమెరా చూస్తూ మంద మొత్తం లోపలికొచ్చాకే తలుపు పడేస్తారు. సగం మందని పడితే మిగతా సగం తెలివిమీరి ఇంక ఏ దొడ్డిలోకీ రాదు. అక్కడ ఆ క్షణం ఫొటోనే కావాలి, అందులో నాకు తప్పేం కనిపించదు. ఎందుకంటే అది వేట కాదు, చీడ తీసెయ్యడం. దాన్ని వేట అని ఫొటోలు పెట్టుకునేవాళ్ళతోనే నాకు పేచీ.

ఇంకో సంగతి చాలామంది మాట్లాడరు. ఈ డబ్బాకి జింకా మనిషీ తేడా తెలియదు. ఒకసారి నా కార్డులో ఒక జంట కనిపించింది, నడవడానికొచ్చినవాళ్ళు, వాగు ఒడ్డున కూర్చుని ఆవిడ ఏడుస్తోంది, ఆయన వీపు నిమురుతున్నాడు. పదకొండు ఫొటోలు. చూస్తుంటే దొంగతనం చేసినట్టనిపించి అక్కడే తుడిచేశాను. అది ప్రభుత్వ అడవి, వాళ్ళకెంత హక్కుందో నాకూ అంతే. అలాగని కెమెరా పెట్టే హక్కు ఉన్నట్టేనా అంటే, చట్టం ఔనంటుంది, నాకు మాత్రం అప్పటినుంచి నడకదారుల పక్కన పెట్టబుద్ధి కావడం లేదు. ఇక గైడ్లు కొందరు ఫలానా పోతు ఫలానా గుంట దగ్గర అని ఫొటోలు అమ్ముకుంటారు. దానిమీద పెద్దగా చెప్పేదేం లేదు, రోత.

పోయిన ఏడాది సిమ్ ఉన్న కెమెరాలు రెండూ ఓ ఫ్రెండుకి ఇచ్చేశాను, వాడు వాళ్ళ గోదాముకి కాపలా పెట్టుకున్నాడు. మిగిలిన కార్డు కెమెరాలు రెండు ఆగస్టులో బిగించి, మళ్ళీ సీజన్ అయిపోయేదాకా ముట్టుకోకూడదని పెట్టుకున్నాను. ఒట్టేం వేసుకోలేదు, అక్టోబర్‌లో ఒకసారి కార్డు తీద్దామని సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చిన మాట కూడా నిజమే. ఆ సీజన్ మొత్తం పదహారు రోజులు మంచెమీద కూర్చున్నాను. ఆడజింకలు వచ్చాయి, ఒక కుర్ర పోతు వచ్చింది, వదిలేశాను. పెద్దది ఏదీ రాలేదు. ఈసారి ఈ చుట్టుపక్కల లేదేమో అనుకుని ట్యాగు అలాగే మిగుల్చుకుని ఇంటికొచ్చాను.

జనవరిలో వెళ్ళి కార్డులు తెచ్చి లాప్‌టాప్‌లో పెట్టాను. నవంబర్ 14, పొద్దున 10:41, నేను మంచె దిగి, చేతులు రుద్దుకుంటూ, సంచి భుజానేసుకుని వెళ్ళిపోతున్న ఫొటో. దాని తర్వాతది 11:03. మంచె నిచ్చెన దగ్గర ఒక పెద్ద పోతు, నేను చెయ్యి పట్టుకునే మూడో మెట్టుకి ముక్కు ఆనించి వాసన చూస్తోంది.