కోతి కొరికిన కేబుల్, రెండు నిమిషాలు ముందున్న గడియారం

పొద్దున ఆరు కాకముందే ఫోన్. దేవరకద్ర వైపు ఒక మొబైల్ టవర్‌లో జీపీఎస్ అలారం. రాత్రి మిగిలిన జొన్న రొట్టె పల్లీ చట్నీతో తిని బండి తీశాను.

పోయి చూస్తే కోతుల పని. తెల్ల పుట్టగొడుగులా ఉండే యాంటెన్నా ఓ పక్కకు ఒరిగి ఉంది. దాని కింద కేబుల్ నల్ల తొక్క ఊడి రాగి తీగ మెరుస్తోంది, పంటి గాట్లు లెక్కపెట్టొచ్చు. కొరికిన ముక్క కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, టేపు చుట్టేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ కోతి గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది, మళ్ళీ వస్తానన్నట్టు.

టవర్ ఎక్కడికీ పోదు కదా, దానికి జీపీఎస్ ఎందుకని చాలామంది అడుగుతారు. దారి కోసం కాదు, టైం కోసం. మా సైట్లలో పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా జరుగుతాయి. పక్క టవర్‌తో వంతు 3 మైక్రోసెకన్లకు మించి తేడా రావొద్దు; మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు. జీపీఎస్ పోతే లోపలి గడియారం కొన్ని గంటలు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత సైట్ ఆపుకోవాల్సిందే.

తిరుగుదారిలో మామ ఇంట్లో ఆగాను. ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాడు. కోతి కథ విని నవ్వలేదు.

"మీ టవర్ ఆగితే జనం తిట్టుకుంటరు, అంతే. మా సెట్లు సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంటయి అల్లుడా. అన్నిటికీ ఒకటే టైం ఉంటేనే కలిసి దుంకుతయి. టైం తప్పితే పక్క సెట్టు మాట కూడా వినపడదు."

జీపీఎస్ శాటిలైట్ 20,200 కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి వచ్చేసరికి ఆ సిగ్నల్, బరాత్‌లో డీజే మోగుతుంటే చెవిలో చెప్పిన మాట లాంటిది. శత్రువు చిన్న జామర్ పెట్టినా మునిగిపోతుంది. అందుకే మిలిటరీ యాంటెన్నాలు కొన్ని, చప్పుడు వచ్చే దిక్కుకు చెవి మూసుకుంటాయి. వాహనంలోనే రుబీడియం గడియారం, అంటే చాలా కచ్చితంగా నడిచే అణు గడియారం, పెట్టుకుంటే ఆకాశం మూగబోయినా కొంతకాలం గడుస్తుంది.

నాకు జామింగ్ అంటే అంత భయం లేదు. అలారం వస్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, ఎవరో ఒకరు బండేసుకుని పోతారు. దొంగ సిగ్నల్ వస్తే లైటు పచ్చగానే ఉంటుంది. 2013లో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు మధ్యధరా సముద్రంలో ఒక పడవ మీద ప్రయోగం చేశారు, ఓనరు ఒప్పుకున్నాకే. అసలు సిగ్నల్‌తో సమానంగా తమది మొదలుపెట్టి, మెల్లగా బలం పెంచి, దారి పక్కకు లాగారు. అలారం మోగలేదు. మిలిటరీ సిగ్నల్‌కు రహస్య కోడ్ ఉండేది ఇందుకే. జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఏర్పాటు నావిక్‌లో కూడా సైన్యం లాంటి వాళ్ళకు వేరే సర్వీసు ఉంది. దాని మొదటి శాటిలైట్లలో బయటి దేశపు గడియారాలు కొన్ని చెడిపోతే, 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01 అనే కొత్త శాటిలైట్‌లో మనమే చేసిన రుబీడియం గడియారం పెట్టారు. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం మామ మీసం దువ్వుకున్నాడు.

"శత్రువే కావాల్నా?" అన్నాను. 2016 జనవరి 26న జీపీఎస్ శాటిలైట్లే 13 మైక్రోసెకన్ల తప్పు టైం పంచాయి. పాత శాటిలైట్ ఒకటి తీసేస్తుంటే జరిగిన పొరపాటు. కోడ్ సరిగ్గా ఉంది, సిగ్నల్ బలంగా ఉంది, చెప్పింది మాత్రం తప్పు. అలాంటప్పుడు పక్కన ఇంకో గడియారం ఉంటేనే పట్టుకుంటాం. మామ తలూపాడు. "ఒక్కదాన్నే నమ్మొద్దని మాకు మొదటి నెలలనే చెప్తరు" అని టీ కప్పు కింద పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఏడు దాటింది. మా ఆవిడకో అలవాటుంది. నేను డ్యూటీకి లేటవుతున్నానని గోడ గడియారం ముందుకు జరుపుతుంది. ఒక్కసారే పావుగంట జరిపితే దొరికిపోతుందని వారానికి రెండేసి నిమిషాలు. నేను ఎనిమిది నిమిషాలు దాటాక గానీ కనిపెట్టలేదు, అదీ ఫోన్ చూస్తే. అప్పటి నుంచి రోజూ మనసులో ఎనిమిది తీసేసి చదువుకుంటున్నాను.

ఇవాళ పడుకునే ముందు రెండూ పక్కపక్కన చూశాను. తేడా పది. వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "ఏందట్ల చూస్తున్నవ్" అంది. ఏం లేదన్నాను.