సైకిల్ సీటుకి వాన కవరు కొనేముందు

పోయిన జులైలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి వాన వెలిసి గంట దాటింది. సైకిల్ ఆరుబయటే ఉంది. సీటు మీద చెయ్యి పెడితే పొడిగానే తగిలింది, సరే అని ఎక్కాను. పది అడుగులు వెళ్ళానో లేదో ప్యాంటు వెనకంతా చల్లగా తడిసిపోయింది. దిగి బొటనవేలితో సీటు నొక్కి చూస్తే కుట్టు వెంబడి నీళ్ళు సన్నటి గీతలా ఉబికి వచ్చాయి, వేలు తీయగానే మళ్ళీ లోపలికి ఇంకిపోయాయి. మాదాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఆ తడి సీటు మీదే వచ్చాను.

సీటు పైనున్న రెక్సిన్ నీళ్ళని ఆపుతుంది కానీ కుట్టు దగ్గర సూది పొడిచిన ప్రతి చోటా ఒక చిల్లు ఉంటుంది కదా, నీళ్ళు దూరేది అక్కడే. కింద ఉండేది ఫోమ్. అది ఒకసారి నీళ్ళు పీల్చుకుందంటే పైన ఎంత తుడిచినా లాభం లేదు, ముసురు రోజుల్లో అయితే రెండు రోజులకి కూడా ఆరదు. అందుకే తడిశాక తుడుచుకోవడం కాదు, తడవకుండా చూసుకోవాలి.

నేను మొదట తెచ్చుకున్నది మెత్తటి జెల్ కవరు. కొనడంలో జరిగే పెద్ద పొరపాటు ఇదే అని ఇప్పుడు ఎవరు అడిగినా చెప్తున్నాను. సీటు కవర్ అని అడిగితే షాపులో ముందు చేతిలో పెట్టేది అదే, పైన సాగే గుడ్డ ఉంటుంది, అది కూర్చోవడానికి హాయిగా ఉంటుందే తప్ప వానకి సీటు కన్నా ముందు అదే తడిసి ముద్దవుతుంది. మనకి కావలసింది పల్చటి నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డకి లోపలివైపు పూత పూసినది. వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉంటే చిన్న జల్లుకి ఆగుతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి పడే సాయంత్రం వానలకి సరిపోదు.

రెండోసారి షాపుకి వెళ్ళినప్పుడు "అన్నా, లోపల కుట్లకి టేపు వేసుందా?" అని అడిగాను. ఆయన కవరు తిరగేసి చూపించాడు, కుట్టు మీద మెరిసే పట్టీ అతికించి ఉంది. అది లేకపోతే సీటుకున్న జబ్బే కవరుకీ ఉన్నట్టు. ఇంటికి తెచ్చాక దాన్ని గిన్నెలా పట్టుకుని గ్లాసుడు నీళ్ళు పోసి, కింద న్యూస్ పేపరు పరిచి పావుగంట వేలాడదీశాను. పేపరు మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. కొన్న రోజే ఇలా చూసుకోండి, కారితే మార్చుకోవడానికి వీలుంటుంది.

ఎలాస్టిక్ ఒక్కటే ఉన్న కవరు కొత్తలో బిగుతుగానే ఉంటుంది, ఎండకి సాగిపోయాక గాలికి ఎగిరిపోతుంది. ఎలాస్టిక్‌తో పాటు లాగి బిగించుకునే తాడు, దానికో చిన్న క్లిప్పు ఉన్నది తీసుకోవడం మంచిది. సైజు కోసం సీటు పొడవు, వెనక వెడల్పు రెండూ టేపుతో కొలుచుకుని వెళ్ళండి, ఎందుకంటే స్ప్రింగులున్న వెడల్పాటి పాత సీట్లకి మామూలు కవర్లు పట్టవు. అంచులు సీటు కిందికి బాగా మడవాలి, మడ్‌గార్డ్ లేని సైకిలైతే మరీను, వెనక చక్రం చిమ్మే నీళ్ళు కింద నుంచే కొడతాయి.

కొనడం ఇష్టం లేకపోతే చిరిగిన గొడుగు గుడ్డ టైలర్‌కిచ్చి కుట్టించుకోవచ్చు, పైభాగంలో ఎక్కడా కుట్టు రాకుండా ఒకే ముక్కతో కుట్టమనాలి, అంతే. క్యారీ బ్యాగు మాత్రం నాకు నచ్చదు. పిడుల దగ్గర ముడి వేస్తే రెండు వానలకి చిరుగుతుంది, ఎండకి పెళుసెక్కి ముక్కలుగా రాలి రోడ్డు మీద పడుతుంది.

కవరు నిజంగా పని చేసేది మనం తొక్కేటప్పుడు కాదు, సైకిల్ నిలబెట్టి ఉన్న ఆ ఎనిమిది గంటలూ. తొక్కేటప్పుడు సీటు మీద మనమే ఉంటాం కదా! కాబట్టి క్షణంలో తొడిగి, క్షణంలో తీసి, మడిచి సీటు కింద ఉండే కడ్డీల మధ్య దోపుకునేంత పల్చగా ఉంటే చాలు. తోలు సీటు ఉన్నవాళ్ళకైతే ఇది తప్పనిసరి, నానిన తోలు మీద కూర్చుంటే సాగి ఆకారం పోతుంది.

తడిసిన సీటు మీద కవరు వేసి వదిలేయకండి. మా అమ్మాయి సైకిల్‌కి అలా వారం రోజులు ఉంచేశాం, తీసి చూస్తే కుట్ల పొడవునా తెల్లటి బూజు, ముక్కిన వాసన. వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి మూడు రోజులు ఎండలో పెడితే వాసన పోయింది కానీ మరకలు ఇంకా అలాగే ఉన్నాయి.